మెదడు కంతుల వైద్యమునకు త్రోవ చూపిన హార్వే కుషింగ్

శరీరమునంతను ఏలునట్టి మెదడునకు ఎముకలతో కట్టిన కోట కపాలము. ఆ కోటలో ఒక కంతి పెరుగ నారంభించెనేని దానికి వెలుపలికి త్రోవ లేదు. అది మెదడునే అణచివేయును. తలనొప్పి, వాంతులు, చూపు మందగించుట, కాలుసేతులు స్వాధీనము తప్పుట, తుదకు మరణము; పందొమ్మిదవ శతాబ్దమునందు అట్టి రోగి కథ ఇంచుమించుగ ఇట్లే ముగియుచుండెను. 1884లో లండను నగరమున రిక్మన్ గాడ్లీ ఒక రోగి మెదడునుండి కంతిని తొలగించెను గాని, ఆ రోగి కొలదివారములలో మరణించెను. 1887లో అదే నగరమున విక్టర్ హార్స్‌లీ వెన్నుపామును నొక్కుచున్న కంతిని తీసివేయగా, కాళ్లు పడిపోయిన రోగి మరల నడవగలిగెను. ఆశ చిగురించినది కాని మార్గ మేర్పడలేదు. ఆ మార్గమును తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన హార్వే కుషింగ్.

ఆయన 1869వ సంవత్సరము ఏప్రిల్ 8వ తేదీన ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరమున, పదిమంది సంతానములో కడపటివాడుగ జన్మించెను. తండ్రి, తాత, ముత్తాత అందఱును వైద్యులే. యేల్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, ఆయన హార్వర్డు వైద్యకళాశాలలో చేరెను. విద్యార్థిగ నున్నప్పుడు ఒకనాడు శస్త్రచికిత్సకు ఈథరు ఇచ్చు పని ఆయనపై పడెను. ఆ కాలమున ఆ పనికి ప్రత్యేకశిక్షణ ఏమియు లేదు. మత్తులో నున్న రోగి ఆయన చేతులలోనే మరణించెను. ఆ దుఃఖములో వైద్యవిద్యనే విడిచిపెట్టవలెనని తలంచెను, కాని విడువలేదు. సహాధ్యాయియైన ఎర్నెస్ట్ కాడ్‌మన్‌తో కలిసి, మత్తులో నున్నంతసేపు రోగి నాడిని, శ్వాసను ఎప్పటికప్పుడు వ్రాసియుంచు పట్టికను 1894లో రూపొందించెను. పొరపాటును మఱచిపోక, దానిని లెక్కకెక్కించి, మరల జరుగకుండ చూచుట నాటినుండి ఆయనకు వ్రతమయ్యెను.

1896లో ఆయన బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యునికి శిష్యుడయ్యెను. శరీరభాగములను సున్నితముగ తాకుట, రక్తమును బొట్టుబొట్టునకు అరికట్టుట, తొందరపడకుండుట ఆ గురువు నేర్పిన విద్యలు. 1901లో ఇటలీలోని పావియా నగరమున రీవా-రోచ్చి నిర్మించిన రక్తపుపోటు సాధనమును చూచి, దానిని తన దేశమునకు కొనివచ్చి శస్త్రచికిత్సలలో ప్రవేశపెట్టెను. 1912లో పీయూషగ్రంథి వ్యాధులనుగూర్చి గ్రంథము ప్రకటించెను. 1913లో బోస్టను నగరమున పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి తెఱవబడగా, శస్త్రవైద్యశాఖకు అధిపతియై, దానిని మెదడు కంతుల చికిత్సకు ప్రధానకేంద్రముగ మలచెను.

మెదడు శస్త్రచికిత్సలో ప్రథమశత్రువు రక్తస్రావము. సన్ననాళములను బంధించుటకు 1911లో ఆయన చిన్న వెండి క్లిప్పులను వాడుకలోనికి తెచ్చెను. రక్తము మితిమీఱినచో పని నిలిపి, గాయము మూసి, రోగి కోలుకొనిన పిదప మరల తెఱచుచుండెను. 1926లో బోవీ అను శాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుత్సాధనమును చేబూనుటతో, అంతవఱకు ముట్టరాని కంతులుకూడ సాధ్యములయ్యెను. ఆ యేడే పెర్సివల్ బెయిలీతో కలిసి, మెదడు కణజాలమునందు పుట్టు కంతులు ఎన్ని విధములో, ఏవి శీఘ్రముగ ప్రాణము తీయునో, ఏవి ఏండ్లతరబడి నిదానించునో వింగడించి చూపెను. లూయీజ్ ఐజెన్‌హార్ట్ అను విదుషి, ఆయనయొద్ద కార్యదర్శినిగ చేరి, పిదప వైద్యవిద్య నభ్యసించి, ప్రతి కంతినిగూర్చిన వివరమును, ప్రతి రోగి గతిని నమోదు చేసెను. ఆసుపత్రి విడిచిన రోగుల యోగక్షేమములను ఆయన ఏండ్లతరబడి కనుగొనుచుండెను. ఇతరుల చేతులలో నూటికి ముప్పదినలువదిమంది మరణించుచుండిన కాలమున, ఆయన రోగులలో మరణములు క్రమముగ నూటికి పదింటికి సమీపించెను. 1931 ఏప్రిల్ 15న రెండువేలవ కంతి లెక్కకెక్కెను.

ఓటములుకూడ ఆ లెక్కలో చేరియున్నవి. 1910లో ఆయన లెనర్డ్ వుడ్ అను సేనాని మెదడుపొరనుండి కంతిని తీసివేయగా, ఆ సేనాని మరల కొలువునకు పోయి, తుదకు ఫిలిప్పీన్స్ గవర్నరు జనరలు పదవి నలంకరించెను. కంతి తిరిగి పెరుగుటచే 1927లో మరల శస్త్రచికిత్స జరిగెను. అందులో ఆయన మరణించెను. ఆ దెబ్బ కుషింగ్‌ను మిగుల కలచివైచెను. స్వగృహమునందును శోకము తప్పలేదు. 1926లో పెద్దకుమారుడు మోటారు ప్రమాదమున మరణించెను. ఆ వార్త విన్న ఉదయమే, తనకొఱకు వేచియున్న రోగికి శస్త్రచికిత్స చేసిన పిమ్మటనే ఆయన బయలుదేఱెను. సహాయకులయెడ ఆయన కఠినుడనియు, కుటుంబమునకు చాలినంత కాలము కేటాయింపలేదనియు జీవితచరిత్రకారులు దాచక వ్రాసిరి.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులో సైనికుల తలగాయములకు చికిత్సచేసి, మెదడులో దిగిన ఇనుపముక్కలను అయస్కాంతముతో వెలికి తీసెను. ఆయన రచించిన సర్ విలియం ఆస్లర్ జీవితచరిత్రకు 1926లో పులిట్జర్ బహుమానము లభించెను. 1939 అక్టోబరు 7న గుండెజబ్బుచే న్యూహేవెన్ నగరమున కన్నుమూసెను. మరణానంతరము పరీక్షింపగా, ఆయన మెదడునందే ఒక సెంటీమీటరు పరిమాణముగల తిత్తి కనబడెను. జీవించియుండగా దానిని ఎవ్వరును ఎఱుగరు.

ఆయన సేకరించిన మెదడు నమూనాలు, రోగుల ఛాయాచిత్రములు యేల్ వైద్యగ్రంథాలయమున భద్రపఱుపబడి, 2010లో ప్రజల దర్శనార్థము ఏర్పాటయ్యెను. బ్రిగమ్ ఆసుపత్రిలో ఆయనయొద్ద పనిచేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ 1934లో కెనడాలోని మాంట్రియల్ నగరమున నాడీవైద్యసంస్థను స్థాపించెను. అచ్చట శిక్షణ పొందిన జేకబ్ చాండీ స్వదేశమునకు వచ్చి, 1949లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో భారతదేశమున మొదటి నాడీశస్త్రవైద్యశాఖను ప్రారంభించెను. చిత్తూరునుండియు, రాయలసీమ పల్లెలనుండియు వేలూరికి పోయి తలలోని కంతికి చికిత్స పొందిన రోగులు, కుషింగ్ పేరు విని యెఱుగకున్నను, ఆ గురుపరంపర ఫలమును పొందినవారే.