పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ

విదేశాలలో శిక్షణ పొంది వచ్చినవారికి స్వదేశంలో మంచి ఉద్యోగం సిద్ధంగా ఉంటుందని లోకం భావిస్తుంది. సాలిం అలీ విషయంలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. జర్మనీలో పక్షుల అధ్యయనం ముగించుకొని తిరిగివచ్చేసరికి, ఆయనకు ఉన్న చిన్న ఉద్యోగం కూడా పోయింది. అయినా తాను అభ్యసించిన విద్యనే ఆధారంగా చేసుకొని, భారతీయ పక్షిశాస్త్రానికి గట్టి పునాది వేసిన మహనీయుడాయన.

సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయి నగరంలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగారు. బాల్యంలో ఒకనాడు తన తుపాకికి నేలకూలిన పిచ్చుక మెడపై పసుపుపచ్చని మచ్చ ఉండటం ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. అది ఏ జాతిదో తెలుసుకొనే నిమిత్తం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. సంస్థ కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిచ్చుకను గుర్తించి, అక్కడ భద్రపరచిన పక్షుల నమూనాలన్నింటినీ బాలుడికి ఓపికగా చూపించారు. ఆనాటి కుతూహలమే ఆయన జీవిత గమనాన్ని నిర్ణయించింది.

యౌవనంలో కుటుంబ వ్యాపారం చూచుకొనేందుకు ఆయన బర్మా వెళ్లారు. అక్కడ లెక్కల పుస్తకాలకంటె అడవులూ, పక్షులే ఆయన మనస్సును ఎక్కువగా ఆకర్షించాయి. బొంబాయికి తిరిగివచ్చి జంతుశాస్త్రం చదివారు. 1918లో తహ్మినాను వివాహమాడారు. విశ్వవిద్యాలయ పట్టం లేని కారణంగా భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో ఉద్యోగం లభించలేదు. చివరకు 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉపన్యాసకుడిగా చేరారు. అయితే ఇతరులకు బోధించడానికి తన జ్ఞానం చాలదని గ్రహించి, సెలవు తీసుకొని జర్మనీకి పయనమయ్యారు.

బెర్లిన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త ఎర్విన్ స్ట్రెస్‌మాన్ ఆయనకు గురువయ్యారు. బర్మాలో సేకరించిన పక్షుల నమూనాలను అక్కడ శాస్త్రీయంగా పరిశీలించడం అలీకి అలవడింది. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ ద్వీపంలో, వలస పక్షులను పట్టి, వాటి కాళ్లకు సంఖ్యలు గల ఉంగరాలు తొడిగి విడిచిపెట్టే పద్ధతిని స్వయంగా నేర్చుకున్నారు. చనిపోయిన పక్షి చర్మాన్ని కొలిచి పేరు పెట్టడంతో శాస్త్రం పూర్తికాదనీ, సజీవమైన పక్షిని దాని సహజ పరిసరాలలో గమనించడం అంతే ముఖ్యమనీ ఆయన గ్రహించారు.

1930లో స్వదేశం చేరేసరికి నిధుల కొరతవల్ల మ్యూజియంలో ఆయన ఉద్యోగం రద్దయింది. చేతిలో శిక్షణ ఉంది గాని జీతం లేదు. అటువంటి పరిస్థితిలో దంపతులు బొంబాయికి ఆవలి తీరంలో ఉన్న కిహిమ్ అనే గ్రామానికి చేరుకున్నారు. అక్కడి చెట్లపై గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. అలీ వాటిని అతి శ్రద్ధతో పరిశీలించారు. మగపక్షి గూటిని సగం అల్లి ఆగుతుందనీ, ఆడపక్షి వచ్చి పరీక్షించి అంగీకరించిన తరువాతనే దానిని పూర్తిచేస్తుందనీ, ఆపైన మరొక ఆడపక్షి కొరకు కొత్త గూడు ప్రారంభిస్తుందనీ కనుగొన్నారు. 1931లో ప్రచురితమైన ఈ పరిశోధన ఆయనకు శాస్త్రలోకంలో గుర్తింపు తెచ్చింది. ఉద్యోగం పోవడమే ఈ విధంగా ఆయనకు మేలు చేసింది.

నాటి దేశంలోని అనేక సంస్థానాలలో పక్షుల గురించిన క్రమబద్ధమైన సమాచారం లేదు. ఆ లోటు తీర్చేందుకు ఆయన ఒక మార్గం ఆలోచించారు. ఖర్చులు భరిస్తే చాలు, తాను జీతం లేకుండా పనిచేస్తానని ముందుకు వచ్చారు. ఆ మార్గంలో తొలి అడుగు పడింది హైదరాబాదు సంస్థానంలోనే. 1931–32లో జరిగిన ఈ సర్వేలో భాగంగా ఆయన అమ్రాబాద్ అడవులతో సహా పలుచోట్ల పక్షులను పరిశీలించి, నమూనాలు సేకరించారు. తహ్మినా ఆయనకు తోడుగా నిలిచారు. అటుపిమ్మట తిరువాన్కూరు, కొచ్చిన్ మొదలైన సంస్థానాలలోనూ సర్వేలు సాగాయి. 1939లో భార్య మరణం ఆయనను తీవ్రంగా కలచివేసినా కృషి ఆగలేదు.

ఈ సంచారంలో సంపాదించిన అనుభవం నుండే 1941లో భారతీయ పక్షులను పరిచయం చేసే ఆయన ప్రసిద్ధ గ్రంథం వెలువడింది. డిల్లాన్ రిప్లీతో కలిసి రచించిన 10 సంపుటాల పక్షి విజ్ఞాన గ్రంథం 1968 నుండి 1974 వరకు ప్రచురితమైంది. హెలిగోలాండ్‌లో నేర్చిన ఉంగరాల పద్ధతి 1960వ దశకంలో మన దేశంలో విస్తృతంగా జరిగిన వలస పక్షుల అధ్యయనానికి ఉపకరించింది. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. అంతరించిపోయిందని భావించిన కలివి కోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించింది. దానిని కనుగొన్నది ఆయన జీవితకాలం సేవించిన బొంబాయి సంస్థ పరిశోధకులే. ఆ మరుసటి సంవత్సరం, 1987లో సాలిం అలీ కన్నుమూశారు.

పట్టం లేదని తలుపులు మూసుకున్నప్పుడు ఆయన నిరాశపడి కూర్చోలేదు. జర్మనీలో పొందిన శిక్షణను గొప్పగా చెప్పుకోవడానికి కాక, మన చెట్లనూ, మన పక్షులనూ కొత్త చూపుతో చూడడానికి వినియోగించారు. ఎక్కడ నేర్చిన విద్య అయినా, సొంత గడ్డపై శ్రమతో ఆచరణలో పెట్టినప్పుడే అది బ్రతుకుతెరువూ అవుతుంది, దేశానికి సంపదా అవుతుంది.