రాయి పోయినా గీత మిగిలింది

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో డ్రాఫ్టర్, షీట్ల గొట్టం మోసుకుని తిరిగిన రోజులు గుర్తున్నాయా? డ్రాయింగ్ సబ్జెక్టు గట్టెక్కితే చాలనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. సాఫ్ట్‌వేర్ ఉండగా చేత్తో గీయడం ఎందుకని గొణుక్కునేవాణ్ని. ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసింది ఓ పాతకాలపు ఇంజినీరు. పేరు కాలిన్ మెకంజీ. మన ఊళ్ల కైఫీయత్తులు సేకరించిన దొరగా మీరూ వినే ఉంటారు. ఈసారి ఆయన గీయించిన బొమ్మల సంగతి చూద్దాం.

ముప్పైకి దగ్గరపడ్డాక...

మెకంజీ 1754లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు పట్టణంలో పుట్టారు. అక్కడే కస్టమ్స్ ఉద్యోగం చేశారు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకొచ్చేసరికి వయసు ముప్పైకి దగ్గరపడింది. కెరీర్ మార్చుకోవడానికి లేటైపోయిందని దిగులుపడేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత ఇంజినీర్ల విభాగంలోకి మారారు. దారులు, ఊళ్లు, చెరువులు కొలవడం పని. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నారు. ఆ తర్వాత మైసూరు సర్వే చేశారు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు.

ఇంత తిరిగినా ఇక్కడి భాషలు ఆయనకు పట్టుబడలేదు. ఆ లోటు తీర్చింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. వీళ్లలో బొర్రయ్య 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయారు. మెకంజీ పేరు చెప్పినప్పుడు ఈ ముగ్గురి పేర్లూ చెప్పడం న్యాయం.

రెండోసారి వెళ్లేసరికి...

1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కృష్ణ ఒడ్డున అమరావతిలో కొత్త పట్నం కడుతున్నారు. కట్టడాల కోసం అక్కడి దీపాలదిన్నెను తవ్వితే చెక్కిన పాలరాతి పలకలు బయటపడ్డాయి. కబురు తెలిసి మెకంజీ వెళ్లి చూశారు కానీ ఎక్కువ రోజులు ఉండలేకపోయారు.

మళ్లీ వెళ్లింది 1816లో. అప్పటికి దిబ్బ నడిమధ్యలో చెరువు తవ్వేశారు. కొన్ని పలకలు కట్టడాల్లో కలిసిపోయాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేసేశారు. బుద్ధుడి కథలు చెక్కిన రాళ్లు గోడకు వేసే సున్నమయ్యాయన్నమాట!

అక్కడ మీరుంటే ఏం చేసేవారు? ఫోన్ తీసేవారు కదా! అప్పటికి ఫొటోగ్రఫీయే లేదు. అందుకే మెకంజీ తన డ్రాఫ్ట్స్‌మన్లను రంగంలోకి దింపారు. హామిల్టన్, న్యూమన్, బర్క్ లాంటి వాళ్లు రాళ్లను దగ్గరుండి చూసి, కొలిచి, ఉన్నది ఉన్నట్టు గీశారు. విరిగిన అంచుని విరిగినట్టే చూపించారు. షీట్ల మీద ఎవరు గీశారో, ఏ తేదీన గీశారో రాశారు. స్థలం ప్లాన్ కూడా తయారైంది. కొన్నేళ్ల పనిలో 80కి పైగా షీట్లు సిద్ధమయ్యాయి.

అమరావతి పలకలు ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి. కొన్ని మాత్రం ఎక్కడా లేవు. వాటికి మిగిలిన ఆనవాలు ఆ బొమ్మే. ఏ ముక్క ఎక్కడిదో తేల్చడానికి పరిశోధకులు నేటికీ ఆ షీట్లనే తిరగేస్తారు.

అలాగని మెకంజీని దేవుణ్ని చేయక్కర్లేదు. ఆయన మ్యాపులు కంపెనీ యుద్ధాలకూ, పాలనకూ పనికొచ్చాయి. కొన్ని పలకల్ని ఊరు దాటించిందీ ఆయనే. 1821 మేలో కలకత్తా దగ్గర కన్నుమూశారు. ఆ సేకరణను కంపెనీ ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొనుక్కుంది.

ఇప్పుడు మీ వంతు

ఈ ఆదివారం అమరావతి మ్యూజియానికి ఓ నోట్‌బుక్, పెన్సిల్‌తో వెళ్లండి. ఒక పలక ముందు అరగంట కూర్చోండి. దాన్ని చూడ్డానికొచ్చిన తాతనీ మనవణ్నీ కూడా గీయండి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభనో, తోలుబొమ్మలాట ఆడించే చేతులనో, గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలెత్తే మనిషినో గీయండి. గీత వంకర పోతే పోనివ్వండి. ఫొటో తీస్తే క్షణంలో మర్చిపోతాం. గీయాలంటే ముందు చూడాలి, అసలు లాభం అదే.

ఒక్కటి మాత్రం మరవొద్దు. బొమ్మ కింద తేదీ, ఊరు, మీ పేరు రాయండి. మనం రోజూ చూసేవాటిలో ఏది రేపటికి ఉండదో మనకు తెలీదు.