గిడుగు మాస్టారూ, నేనూ, చింతగింజలూ

భద్రాచలం అడవుల వైపు నుంచి వచ్చి, ఖమ్మంలో మా పక్క వాటాలో దిగింది ఓ కోయ కుటుంబం. వాళ్ల పాపకి వ్యవకలనం చెప్పబోయాను. రెండుసార్లు చెప్పినా ఉలకదు, పలకదు. మొద్దుపిల్ల అని తేల్చేశాను. ఆ రాత్రి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చి సిగ్గేసింది.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారాయన. చిన్నతనంలోనే తండ్రి పోయారు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తనకి వాళ్ల మాట రావాలి కదా! రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని సవర నేర్చుకున్నారు. (ఆ ఇల్లాలు ఎన్ని వంటలు వండిందో!) సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, ఆ డబ్బుతో సవరలకి మంచి బడి నడపమన్నారు.

నోట పలకని భాషలో తెలుగు పిల్లలకి మాత్రం పాఠాలెందుకని పోరాడిందీ ఆయనే. 1940లో పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూసి, పాఠాన్నే అక్కడికి తీసుకెళ్లడం ఆయన పద్ధతి. మనమేమో మార్కు వేసి ఊరుకుంటాం.

మర్నాడు పాప ముందు చింతగింజలు పోశాను. ఇరవైలోంచి ఎనిమిది తీయమన్నాను, చేత్తో చూపిస్తూ. కోయలో గొణుక్కుంటూ లెక్కపెట్టి, పన్నెండు నావైపు తోసింది. దానికి తీసివేత వచ్చు. రానిది వ్యవకలనమన్న మాట! పుస్తకం మూసి, గింజలతోనే పాఠం మొదట్నుంచీ ఎత్తుకున్నాను.