డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు - కండరబలము, మధుమేహము

అన్నమువలన బలము కలుగుననుట మనలో నెఱుగనివారు లేరు. కాని తిన్న యన్నము కండరములో బలముగ నెట్లు మాఱుచున్నదో 1927వ సంవత్సరమునకు పూర్వము శాస్త్రజ్ఞులకు సైతము సరిగా తెలియదు. ఆ మఱుగును తొలగించినవారిలో నొకరు మన యాంధ్రులగు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పేరు చెప్పగనే మనకు ఔషధములు స్ఫురించును. తొలినాళ్లలో కండరములనుగూర్చి ఆయన సలిపిన పరిశోధనము మాత్రము మన చెవిని అంతగా పడలేదు. మధుమేహము ఇంటింటి మాటయైన యీ కాలమున ఆ పరిశోధనమే మనకు ముందుగ స్మరణీయము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యము లేమితో గడచెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలోను, మదరాసు వైద్యకళాశాలలోను చదివిరి. మహాత్ముని పిలుపు నాలకించి విదేశవస్త్రమును విడిచి, శస్త్రచికిత్సాశాలలో సైతము ఖద్దరు ధరించిరి. ఇది పై యధికారికి రుచింపలేదు. ఫలితముగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. సోదరులు స్ప్రూ యను గ్రహణివ్యాధిచే మరణించుటయు ఆ దినములలోనే సంభవించెను. కొంతకాలము చెన్నపట్టణమున ఆయుర్వేద కళాశాలలో బోధకులై యుండి, పరుల సాయముతో ఓడయెక్కి 1922 అక్టోబరు మాసమున అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. అచ్చట హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రివేళ పనివాని కొలువు.

ఆ 1922వ సంవత్సరముననే కెనడాలోని టొరంటో నగరమున ఇన్సులిన్ మందు మొదటిసారి మధుమేహరోగి కియ్యబడెను. ఇన్సులిన్ ప్రాణదాతయని లోకము కొనియాడుచున్న ఆ దినములలో, సుబ్బారావుగారు అదే చక్కెరకథలోని రెండవ సగమును, అనగా చక్కెరను వెచ్చపెట్టు కండరముయొక్క కథను, వెదకుచుండిరి. తాను వెదకుచున్నది దానినే యని ఆయనకు నాడు తెలియుట కవకాశము లేదు.

హార్వర్డులో ఆయన సైరస్ ఫిస్కె యను పండితునితో గూడి, దేహద్రవములలోని ఫాస్ఫరమును రంగుయొక్క గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1925లో వెలువడిన యా పద్ధతి నేటికిని వారి యిరువురి పేరిటనే చెల్లుచున్నది. కండరరసమును అట్లు పరీక్షించునపుడు నీలిరంగు వెంటనే రాక, మెల్లమెల్లగా చిక్కనగుట వారు గమనించిరి. ఇతరులు పొరపాటని త్రోసివేయదగిన యీ చిన్న జాగునే పట్టుకొని శోధింపగా, ఏదో సులభముగ విడిపోవు పదార్థమునుండి ఫాస్ఫేటు కొంచెము కొంచెముగా వెలువడుచున్నదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తఱుగును. విశ్రమించునపుడు తిరిగి పెరుగును. ఈ వృత్తాంతము 1927లో ప్రకటితమయ్యెను. 1929లో వారు కండరమునుండి ఏ.టి.పి. యను మఱియొక పదార్థమును వేఱుపఱచిరి. అదే వత్సరమున జర్మనీలో లోమన్ అనునతడును స్వతంత్రముగ దానిని కనుగొనెను.

అంతవరకు కండరబలమునకు మూలము లాక్టిక్ ఆమ్లమనియే పండితుల నిశ్చయము. ఆ త్రోవలో శ్రమించిన హిల్, మెయెర్‌హోఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానముగూడ లభించియుండెను. బోస్టను పరిశోధనములును, వాని పిమ్మట 1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డ్ చేసిన ప్రయోగమును ఆ సిద్ధాంతమును తలక్రిందు చేసినవి.

ఈ శాస్త్రమును గృహస్థుల భాషలో చెప్పవచ్చును. కండరములో ఏ.టి.పి. చేతిలోని రొక్కమువంటిది, అది క్షణములలో వ్యయమగును. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలోని సొమ్మువంటిది. ఒడలు దాచుకొనక పరుగెత్తువానికి అదియు సుమారు 10 సెకండ్లకు మించి రాదు. గ్లైకోజన్ అను పేర నిలువయుండు చక్కెర గాదెలోని ధాన్యము. అన్నము తినిన వెనుక రక్తములో వచ్చు చక్కెర కళ్లమునుండి వచ్చు బండ్లు. ఇన్సులిన్ గాదె తలుపు తెఱచు తాళపుచెవి. గాదెలోనిది వ్యయమగుచున్నంతకాలము క్రొత్తధాన్యమునకు చోటుండును. గాదె నిండియుండి, తినువాడు లేనప్పుడు బండ్లు వీథిలోనే నిలిచిపోవును. తాళపుచెవులు ఎన్ని చేయించినను ప్రయోజనము స్వల్పము. మధుమేహములలో తఱచుగ కానవచ్చు రెండవతరగతి మధుమేహమునకు ఆరంభ మిట్టిదే. కండరములలోను కాలేయములోను చేరిన క్రొవ్వు ఇన్సులిన్ ఆజ్ఞను మఱింత చెల్లనీయదు.

సుబ్బారావుగారి కాలమునకు తెలియని యొక మర్మము తరువాత తెలిసినది. పనిచేయు కండరము ఇన్సులిన్ పిలుపునకు వేచియుండక, తనంతట తానే రక్తములోని చక్కెరను లోనికి గొనగలదు. ఇందులకు హేతువులలో ముఖ్యమైన దొకటి ఆయన కనుగొనిన రొక్కపు నిలువ తఱుగుటయే. ఏ.టి.పి. వ్యయమై నిలువ కొఱవడగనే కణములో నొక యెన్‌జైము మేల్కొని, చక్కెరకు ద్వారములను పైకి దెచ్చును. ఒకనాటి వ్యాయామముచే ఇన్సులిన్‌కు కండరము వశమగు గుణము ఒకటి రెండు దినములు నిలుచును, పిమ్మట తగ్గును. కొలది దినములు మంచమున కదలక పడియుండిన యారోగ్యవంతునిలో సైతము ఆ గుణము క్షీణించును. కావున నిన్నటి శ్రమ రేపటికి నిలువయుండదు. కడచిన యౌవనములో చేసిన కసరత్తు నేటి చక్కెరను తగ్గింపదు.

ఇంత పని చేసినను హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో ఆయన లెడర్లె ఔషధసంస్థకు వెడలిరి. అచ్చట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగ తయారయ్యెను. తన సోదరులను బలిగొనిన స్ప్రూ వ్యాధి కదియే ఔషధమయ్యెను. బోదకాలు మందు హెట్రజాన్, కాన్సరు చికిత్సకు మెథోట్రెక్సేట్, సూక్ష్మజీవులను చంపు ఆరియోమైసిన్ ఆయన ఆధిపత్యముననే వెలువడినవి. ఆయన అమెరికా పౌరసత్వము స్వీకరింపలేదు. స్వదేశమునకు తిరిగి రానును లేదు. 1948 ఆగస్టు మాసమున 53 ఏండ్ల ప్రాయమున నిద్రలోనే పరమపదించిరి.

ఆయన పోయిన పిదప మన దేశమున మధుమేహము దావానలమై వ్యాపించినది. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనామండలివారి గణనమున 10 కోట్లకు పైగా జను లిందు చిక్కియున్నట్లు తేలెను. దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. అమెరికాలో మూడువేలకు పైబడిన జనులపై జరిగి 2002లో వెలువడిన పరిశోధనమున, మితాహారముతో బరువు తగ్గించుకొని వారమునకు 150 నిముషములు నడచినవారిలో వ్యాధి 58 పాళ్లు తగ్గెను. మాత్రలు మ్రింగినవారిలో 31 పాళ్లే తగ్గెను. సుబ్బారావుగారు చదివిన చెన్నపట్టణముననే 531 మందిపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనమున ఆహారవ్యాయామ నియమముచే 28 పాళ్లకు పైగా తగ్గుదల కనబడెను. మన దేహములలో ఫలము కొంత తక్కువైనను, మాత్రలకు తీసిపోదని దీనివలన స్పష్టము.

మన భూస్వాములు పొలముగట్టును విడిచిరి. పట్టణవాసులు మెట్లనుగూడ విడిచిరి. పాలిషుపట్టిన తెల్లన్నము మాత్రము పళ్లెములో తఱుగలేదు. నాగలి పట్టిన తాత తినిన యన్నమునే కుర్చీలోని మనుమడు తినుచున్నాడు. అన్నమును కొంత తగ్గించి, పప్పును కూరలను పెంచుట. భోజనానంతరము కొంతదూరము నడచుట. వారమునకు రెండుమూడు దినములైన బరువెత్తుట మొదలగు కసరత్తులచే కండరమును కాపాడుకొనుట - ఇంతకుమించిన వ్యయమిందు లేదు. ఇన్సులిన్ గాని, చక్కెరను దించు మాత్రలు గాని వాడువారు వైద్యుని యడిగి ఆరంభింపవలెను; లేనిచో శ్రమవలన చక్కెర మితిమీఱి పడిపోవచ్చును.

సుబ్బారావుగారి జన్మదినమున సభలు జరుపుట మంచిదే. కాని ఏటి కొకమాఱు జరుగు సభకంటె, ఆయన కనుగొనిన యా చిన్న నిలువను దినదినము శ్రమచే వ్యయపఱచి, మితాహారముచే నింపుకొనుటయే మన దేహమునకును, ఆయన పేరునకును తగిన యుపచారము.