లీటరు లెక్క: రుడాల్ఫ్ డీజిల్ జీవితం

పాలకుర్తి అనగానే సాహిత్యం చదివేవాళ్ళకు సోమనాథుడు, పక్క ఊరు బమ్మెర పోతన గుర్తుకొస్తారు. పోరాటాల చరిత్ర తెలిసినవాళ్ళకు చాకలి ఐలమ్మ గుర్తుకొస్తుంది. వాళ్ళ గురించి రాయగల సమర్థులు మన కాలేజీలో చాలామందే ఉన్నారు. నేను మాత్రం మా పాలకుర్తిలో అందరూ రోజుకు పదిసార్లు పేరు తలిచే, ఎవరూ మనిషని అనుకోని ఒకాయన గురించి రాస్తాను. బంకులో పోయించుకునే డీజిల్ ఒక మనిషి ఇంటిపేరు.

వడ్ల కాలంలో మా ట్రాక్టర్లవాళ్ళ బాధ ఒక్కటే: ట్రాలీ తగిలిస్తే చాలు, బండి డీజిల్ తాగేస్తుందని. అమెరికాలో పికప్ ట్రక్కు వెనుక ఇల్లులాంటి ట్రెయిలరు కట్టుకుని విహారానికి పోయేవాళ్ళదీ ఇదే గోడు. వాళ్ళ మైలేజీ సగం దాకా పడిపోవడం మామూలే. ఈ తాగుడు లెక్క తేల్చాలనే ఆయన జీవితమంతా గడిచింది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో యుద్ధం రాగానే ఆ కుటుంబం లండన్‌కు వలసపోవలసి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్లవాడిని చదువు కోసం ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల ఇంటికి పంపారు. తరువాత మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో కార్ల్ లిండే అనే ఆచార్యుడి పాఠం అతని దారి మార్చింది. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో పదోవంతు కూడా పనిగా మార్చదని, మిగతాదంతా గాలికే పోతుందని అప్పుడు తెలిసింది. ఆ వృథా అతన్ని నిద్రపోనివ్వలేదు.

గాలిని సిలిండరులో గట్టిగా నొక్కితే అది మండేంత వేడెక్కుతుంది. అందులో ఇంధనం వేస్తే నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. ఈ ఊహకు 1892లో పేటెంటు కోరాడు. 1893లో ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి పరీక్ష జరిగితే పీడనం కొలిచే పరికరం పేలిపోయింది. కాగితం మీద నిలిచిన లెక్క ఇనుములో నిలవలేదు. నాలుగేళ్ళు పట్టుబట్టి మార్చగా మార్చగా, 1897 ఫిబ్రవరి పరీక్షలో ఇంధనపు వేడిలో 26 శాతం పనిగా మారింది. ఆనాటికి అది అద్భుతమే. 1900 పారిస్ ప్రదర్శనలో ఆయన పద్ధతి ఇంజను ఒకటి పల్లీ నూనెతో కూడా నడిచింది.

ఇంధనంలో చుక్క వృథా పోనివ్వని ఆ మనిషి సొంత డబ్బు లెక్కలో ఓడిపోయాడు. పేటెంటు తగాదాలు, భూముల బేరాలు, దెబ్బతిన్న ఆరోగ్యం కలిసి కుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు పోతున్న డ్రెస్డెన్ ఓడలోంచి మాయమయ్యాడు. కొన్నాళ్ళకు సముద్రంలో దొరికిన శవం మీది వస్తువులను కొడుకు గుర్తుపట్టాడు. ఆత్మహత్యేనని చాలామంది అభిప్రాయం.

తన ఇంజను లారీలు లాగడం ఆయన కళ్ళారా చూడలేదు. ఇంధనాన్ని చిమ్మడానికి అప్పట్లో బరువైన గాలి కంప్రెసరు కావలసి వచ్చేది. ఆ బెడద తప్పాకే, 1923-24లో బెంజ్, మాన్ కంపెనీల డీజిల్ లారీలు వచ్చాయి.

ఇక ట్రాలీ సంగతి. బరువు పెరిగితే టైర్ల రాపిడి పెరుగుతుంది, ఎత్తు ఎక్కడానికి శక్తి ఎక్కువ కావాలి. ఎత్తయిన ట్రెయిలరును హైవే మీద లాగితే ముఖ్యశత్రువు గాలి; వేగం రెట్టింపయితే దాని ఎదురు నాలుగింతలవుతుంది. కాబట్టి కిలోమీటరుకు డీజిల్ ఎక్కువ పడుతుంది. అయితే ఇంజను చెడ్డగా పనిచేస్తున్నట్టు కాదు. తగిన లోడు మీదే అది వేడిని ఎక్కువ పనిగా మారుస్తుంది. ఖాళీ బండిలో చాలా డీజిల్ తన ఒళ్ళు తాను మోసుకోవడానికే సరిపోతుంది.

ఒక లెక్క వేద్దాం. మార్కెట్టు 24 కిలోమీటర్లు, సరుకు 40 క్వింటాళ్ళు. లీటరుకు ఖాళీగా 6, సగం లోడుతో 5, పూర్తి లోడుతో 4 కిలోమీటర్లు వస్తాయనుకోండి. ఒకే ట్రిప్పయితే పోవడానికి 6, రావడానికి 4, మొత్తం 10 లీటర్లు. సగం సగం రెండు ట్రిప్పులయితే 17.6 లీటర్లు! మైలేజీ బాగుందని మురిసిన రైతుకే జేబు ఖాళీ అయింది. ఓవర్‌లోడు చేయమని నేను అనడం లేదు, బ్రేకులు ఆగవు. బండి మోయగలిగినంత వేసి, టైర్లలో గాలి చూసుకుని, నిదానంగా పోతే చాలు.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాక, లీటరుకు ఎంత పని జరిగిందని అడగడం నేర్పినవాడు డీజిల్. మిత్రులారా, మన చదువులకూ, మన యూనియన్ ఖర్చులకూ కూడా ఆ ప్రశ్న వేసుకుంటే నష్టమేమీ లేదు.