రైలు కంట్రాక్టుపై లెక్క అడిగిన అఘోరనాథ్ గారు

జనగామ, మహబూబాబాద్ మీదుగా రైల్లో వెళ్ళే మన సభ్యులు డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ గారిని ఒకసారి తలచుకోవాలి. వారు సరోజినీ నాయుడు తండ్రిగారు. బెంగాలు నుండి ఎడింబరో వెళ్ళి డి.ఎస్సీ. పట్టా పొంది, హైదరాబాదులో కళాశాల నడిపారు. తరువాతి నిజాం కళాశాలకు అదే మూలం.

1883లో వరంగల్, చాందాల వైపు రైలు మార్గం వేసే పనిని లండన్ కంపెనీకి అప్పగించదలచారు. పెట్టుబడిపై 20 ఏళ్ళు 5 శాతం వడ్డీకి నిజాం ఖజానాదే హామీ. ఆ భారం మోసేది ప్రజలు గనుక షరతులు ముందుగా బయటపెట్టాలని అఘోరనాథ్ గారు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం గారు మొదలైనవారు ఆందోళన చేశారు. ఫలితంగా మే నెలలో అఘోరనాథ్ గారిని రాజ్యం నుండి వెళ్ళగొట్టారు. ఒప్పందం మాత్రం ఆగలేదు. రైలు 1886లో వరంగల్, 1889లో బెజవాడ చేరింది. భూపాలపల్లి ఆ దారికి దూరంగానే ఉండిపోయింది. కొన్నాళ్ళకు వారిని తిరిగి పిలిచి కొలువిచ్చారు. 1915లో కలకత్తాలో కన్నుమూశారు.

టెండరు ఫైళ్ళు రాసిన గుమాస్తాగా నాకు తెలిసినది ఇంతే: రేటు చూసే ముందు కంట్రాక్టరు అర్హత, చేసిన పనులు, ధరావతు చూడాలి. షరతులు పదిమందికీ తెలియాలి. అందుకోసం కొలువు పోగొట్టుకున్న ఈ పెద్దమనిషి గురించి మనవలకు చెప్పండి.