సభలో ప్రమాణము

వాదికిని ప్రతివాదికిని సమ్మతమైనదే దృష్టాంతమని తర్కశాస్త్రము చెప్పుచున్నది. పాఠశాలలలో ఈ మాట వల్లించినవారు వేలకొలది కలరు. నిండుసభలో ఆచరించి చూపినవారరుదు. అట్టివారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారొకరు.

వీరు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. పసితనముననే తండ్రిని గోల్పోయిరి. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. వారి గ్రంథరచన సర్వవిదితము గనుక ఇచ్చట విస్తరింపను.

1879 ఆగస్టులో రాజమహేంద్రవరమున వితంతువివాహమును సమర్థించుచు వారు బహిరంగసభలో ఉపన్యసించిరి. కేవలము జాలిగొలుపు మాటలు చెప్పినను, పాశ్చాత్యుల ఆచారములు చూపినను, పండితులు వానిని సులభముగ త్రోసివేసియుందురు. పంతులుగారు శ్రోతలు తలయొగ్గెడి ధర్మశాస్త్రమునే చేతబట్టిరి. కృతయుగమునకు మనువు, త్రేతకు గౌతముడు, ద్వాపరమునకు శంఖలిఖితులు, కలికి పరాశరుడు ప్రమాణమని పరాశరస్మృతియే పలుకుచున్నది. భర్త కానరాకపోయినను, మరణించినను, సన్న్యసించినను, క్లీబుడైనను, పతితుడైనను స్త్రీకి వేరొక పతి విహితుడని అందు కలదు. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855లో ఈ వచనమునే ఆధారము చేసికొనిరి. మరుసటి యేట చట్టము వచ్చినది.

ప్రతిపక్షులు ఊరకుండలేదు. ఆ వచనము యుగాంతరవిషయమని మాధవాచార్యుల వ్యాఖ్యను కొందరు చూపిరి. వాగ్దానము మాత్రమే జరిగిన కన్యకే అది వర్తించునని మరికొందరనిరి. ఇవి తేలిక యాక్షేపణలు కావు. వచనార్థనిర్ణయమున నాకును నేటికి కొన్ని సందేహములు కలవు. పంతులుగారు ఆక్షేపణలను దాటవేయక, ఆ యేడు అక్టోబరులో రెండవ యుపన్యాసమున సమాధానములిచ్చిరి. ఇందు గమనింపదగిన విశేషమేమన, ప్రతిపక్షులు వక్తను దూషించిన చాలదయ్యెను. వచనమునకు అర్థము చెప్పవలసివచ్చెను. కలికి పరాశరుడే ప్రమాణమైనచో ఆ స్మృతిలోని మాట కలికి చెల్లదనుట యెట్లన్న ప్రశ్న వారి యెదుట నిలిచినది.

అయినను సభలో నెగ్గిన ప్రమాణము వీధిలో నెగ్గుటకు రెండేండ్లు పైగా పట్టినది. కాకినాడ వాస్తవ్యులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని రక్షకభటుల కాపుదలలో మొదటి వివాహము జరిగినది. వెంటనే బహిష్కారము వచ్చిపడినది. వంటవారును నీరు తెచ్చువారును పని మానిరి. పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి వంట చేసిరి.